ఊరి సేవా క్లబ్బు - ఇంటికొచ్చిన ఫౌజీ

పదిహేడేళ్ళో ఇరవై నాలుగేళ్ళో సర్వీసు చేసి ఇంటికొచ్చిన మనవాడికి సొంతూళ్ళో ఎంతమంది తెలుసు? చిన్నప్పటి స్నేహితుల్లో సగంమంది హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉంటారు. మిగిలినవాళ్ళు ఎవరి సంసారాల్లో వాళ్ళు. తేజ్‌పూర్‌లో పాన్‌డబ్బా వాడి దగ్గర్నుంచి పఠాన్‌కోట్‌లో దర్జీ వరకూ అందరూ పేరు పెట్టి పలకరించిన మనిషిని, సొంత వీధిలో "ఎవరింటికండీ?" అని అడుగుతారు. క్యాంటీన్ కార్డు, ఇ.సి.హెచ్.ఎస్. కార్డు, పెన్షన్ పుస్తకం అన్నీ ఉంటాయి. లేనిదల్లా సాయంత్రం ఆరుగంటలకి వెళ్ళి కూర్చోవడానికి ఒక చోటు.

అలాంటి టైములో ఎవరో ఒకరు అంటారు, "రోటరీలో చేరండి సార్", "మా లయన్స్‌కి రండి సార్" అని. మనవాళ్ళు చాలామంది నవ్వి ఊరుకుంటారు. క్లబ్బంటే షావుకార్లు, డాక్టర్లు కోట్లు వేసుకుని భోజనం చేసే చోటని మన అభిప్రాయం. అది పూర్తిగా అబద్ధమూ కాదు. కానీ ఈ క్లబ్బులు ఎలా పుట్టాయో, ఎవరు పుట్టించారో కాస్త వెనక్కి వెళ్ళి చూస్తే తమాషా అయిన సంగతి ఒకటి కనబడుతుంది. వీటి మొదటి ఇటుక పేర్చినవాళ్ళలో మనలాంటి ఒంటరివాళ్ళూ, మన యూనిఫారం తొడుక్కున్నవాళ్ళూ ఉన్నారు. ఆ చరిత్ర మన కంటితో చెప్పాలని ఈ వ్యాసం.

పాల్ హారిస్ అని అమెరికాలో ఒక లాయరు. 1868లో పుట్టాడు. వెర్మాంట్ రాష్ట్రంలో వాలింగ్‌ఫర్డ్ అనే పల్లెటూళ్ళో తాతా నాయనమ్మల దగ్గర పెరిగాడు. 1891లో లా పాసయ్యాక అయిదేళ్ళపాటు దేశం మీద తిరిగాడు. పత్రికా విలేఖరిగా చేశాడు, పళ్ళతోటలో కూలికి వెళ్ళాడు, నాటకాల్లో వేషం వేశాడు, హోటల్లో రాత్రి గుమాస్తాగా కూర్చున్నాడు, చలువరాళ్ళు అమ్మాడు. చివరికి 1896లో చికాగోలో బోర్డు కట్టాడు. ప్రాక్టీసు బాగానే సాగింది కానీ ఆదివారం వస్తే పలకరించే దిక్కు లేదు. పల్లెటూళ్ళో అందరికీ అందరూ తెలుసు, చికాగోలో పక్కగదివాడు కూడా తెలియదు. 1900లో ఒకనాడు తోటి లాయరు ఒకాయన భోజనానికి పిలిచి, తర్వాత తన పేటలో షికారు తిప్పాడు. దారిలో ప్రతి కొట్టు దగ్గరా ఆగి, ఆ కొట్టువాళ్ళని పేరుపేరునా హారిస్‌కి పరిచయం చేశాడు. మహానగరంలో కూడా పల్లెటూరు కట్టుకోవచ్చని హారిస్‌కి ఆనాడే తట్టింది.

తట్టినా మరో అయిదేళ్ళు పట్టింది. 1905 ఫిబ్రవరి 23న డియర్‌బోర్న్ వీధిలో యూనిటీ బిల్డింగు 711వ నంబరు గదిలో నలుగురు కూర్చున్నారు. ఆ గది గస్టావస్ లోయర్ అనే గనుల ఇంజినీరుది. మిగతా ముగ్గురు హారిస్, హైరమ్ షోరీ అనే బట్టల దర్జీ, సిల్వెస్టర్ షీలే అనే బొగ్గుల వ్యాపారి. ఈ షీలేని మనం గుర్తుపెట్టుకోవాలి. ఆయన 1898 స్పెయిన్-అమెరికా యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసి వచ్చిన మనిషి. క్లబ్బుకి మొట్టమొదటి ప్రెసిడెంటుగా ఎన్నుకున్నది హారిస్‌ని కాదు, ఈ మాజీ సైనికుణ్ణే. మీటింగులు ఒక వారం ఒకరి ఆఫీసులో, మరో వారం మరొకరి ఆఫీసులో వంతులవారీగా తిరిగేవి కాబట్టి రోటరీ అని పేరొచ్చింది. ఒకరినొకరు మిస్టర్ అనకూడదు, చిన్నపేరుతోనే పిలవాలి అని నియమం. జీవితమంతా "సాబ్" అనో "సర్" అనో పిలిచిన మన నోటికి ఈ నియమం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు.

మొదట్లో సేవ అన్న మాటే లేదు. ఇది దాచిపెట్టాల్సిన విషయమేమీ కాదు. ఒక్కో వృత్తి నుంచి ఒక్కరినే తీసుకునేవారు, ఒకరి గిరాకీ ఒకరికి ఇచ్చుకునేవారు. 1906లో డొనాల్డ్ కార్టర్ అనే పేటెంట్ లాయరుని చేరమంటే, మీలో మీరు బాగుపడటం తప్ప ఊరికేం చేస్తారు అని అడిగాడట. ఆ ప్రశ్న గట్టిగా తగిలింది. 1907లో మొదలెట్టిన మొదటి పెద్ద పని ఏమిటో తెలుసా? చికాగో నడిబొడ్డున, సిటీ హాలు దగ్గర, జనానికి మరుగుదొడ్లు కట్టించడం! అప్పటిదాకా మగవాళ్ళు సారా దుకాణానికి, ఆడవాళ్ళు పెద్ద బట్టల షాపుకి వెళ్ళి ఆ పని కానిచ్చుకోవాల్సి వచ్చేది. వెళ్ళినందుకు ఏదో ఒకటి కొనాలి కూడా. అందుకని సారా వ్యాపారులు, షాపులవాళ్ళు గట్టిగానే అడ్డుపడ్డారు. రెండేళ్ళు పట్టింది కానీ కట్టారు. క్యాంపు వేస్తే ముందు లెట్రిన్ ఎక్కడో చూసుకునే మనకి ఈ పని విలువ ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

ఇదంతా అమెరికా సంగతి. మన దగ్గర సేవ ఎక్కడో చికాగో నుంచి దిగుమతి కాలేదు. అదే 1905లో, జూన్ 12న, గోఖలే పూనాలో సర్వెంట్స్ ఆఫ్ ఇండియా సొసైటీ పెట్టారు. అందులో చేరడమంటే సాయంత్రం భోజనానికి వెళ్ళడం కాదు, జీవితం రాసిచ్చెయ్యడం. అందులో 1909లో చేరిన హృదయనాథ్ కుంజ్రూ అలహాబాదులో సేవాసమితి పనిలో ముందు నిలిచారు, మేళాల్లో యాత్రికుల సాయానికి వాలంటీర్లని తయారుచేశారు. ఆ కుంజ్రూ పేరు మనలో ఎన్.సి.సి. చేసినవాళ్ళందరికీ తెలిసి ఉండాలి. 1946లో ఆయన అధ్యక్షతన వేసిన కమిటీ సిఫారసు మీదే 1948లో నేషనల్ కేడెట్ కోర్ వచ్చింది. మేళాలో తప్పిపోయిన ముసలమ్మని బంధువుల దగ్గరికి చేర్చే కుర్రాడికి, పెరేడ్ గ్రౌండులో నిలబడ్డ కేడెట్‌కి మధ్య ఒకే మనిషి ఆలోచన ఉందన్నమాట.

తెలుగుగడ్డ మీద కూడా అంతే. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటివాళ్ళ పూనికతో ఊరూరా చందాలు పోగుచేసి గ్రంథాలయాలు లేపారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు చీరాలలో రామదండు అని వాలంటీర్ల దళాన్నే నడిపారు. 1921లో బెజవాడలో కాంగ్రెసు కమిటీ సమావేశాలు జరిగినప్పుడు జనాన్ని అదుపు చేసింది ఆ దండే. 1923లో కాకినాడ కాంగ్రెసు సందర్భంగా పెట్టిన ఖాదీ ప్రదర్శన గేటు దగ్గర, ఒక తెలుగు ఆడపిల్ల టికెట్టు లేదని సాక్షాత్తూ నెహ్రూగారినే ఆపేసింది. సెంట్రీ డ్యూటీ అంటే అదీ! ఆ పిల్లే దుర్గాబాయి. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టింది, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి మొదటి అధ్యక్షురాలైంది ఆవిడే.

కాబట్టి సంఘాలు మనకి కొత్తకాదు. కొత్తది క్లబ్బు. ఆ మాటకి మన దేశంలో ఒక చేదు రుచి ఉండేది. కలకత్తా బెంగాల్ క్లబ్బు 1827లో, మద్రాసు క్లబ్బు 1832లో వచ్చాయి. రెండిట్లోనూ భారతీయుడు వడ్డించడానికే తప్ప కూర్చోడానికి కాదు. బెంగాల్ క్లబ్బు మనవాళ్ళని సభ్యులుగా తీసుకున్నది స్వాతంత్ర్యం వచ్చిన పన్నెండేళ్ళకి, 1959లో. ఈ అవమానం పడలేకే మద్రాసులో 1873లో కాస్మొపాలిటన్ క్లబ్బు, కలకత్తాలో 1907లో కలకత్తా క్లబ్బు వెలిశాయి. మన సికింద్రాబాద్ క్లబ్బు 1878లో కంటోన్మెంటు నీడలో మొదలైందే. రంగు చూసి, హోదా చూసి లోపలికి రానిచ్చే ఆ క్లబ్బుల్ని చూసిన పాతతరం ఫౌజీలకి క్లబ్బు అంటేనే ఏవగింపు ఉంటే ఉండొచ్చు. అది న్యాయమే.

రోటరీ మన దేశంలో కాలుపెట్టింది ఆ వాతావరణంలోనే. 1919 సెప్టెంబరులో కలకత్తాలో మొదటి సమావేశం జరిగింది, 1920 జనవరి 1న ఛార్టరు వచ్చింది. మొదట్లో ఎక్కువమంది దొరలే. 1927లో లాహోరులో క్లబ్బు వచ్చింది. ఆ తర్వాత జేమ్స్ డేవిడ్‌సన్ అనే కెనడా రొటేరియన్ భార్యని, కూతుర్ని వెంటబెట్టుకుని 1928లో బయల్దేరి, గ్రీసు, ఈజిప్టు మొదలుకొని బొంబాయి, ఢిల్లీ, మద్రాసు, కొలంబో, రంగూన్, సింగపూర్ మీదుగా హాంకాంగ్ దాకా క్లబ్బులు పెట్టుకుంటూ పోయాడు. మన భాషలో చెప్పాలంటే రిక్రూటింగ్ టూరు. ఆయన పెట్టినచోటల్లా గట్టిగా పట్టుబట్టింది ఒక్కటే, దొరలూ స్థానికులూ ఒక బల్ల దగ్గర కూర్చోవాలి అని. బల్ల దగ్గర కూర్చున్నంత మాత్రాన సమానులైపోయారని నేననను. కానీ ఆ రోజుల్లో ఊరి కలెక్టరు, ఊరి వకీలు ఒకేసారి అన్నం తినే చోట్లు ఎన్ని ఉన్నాయి కనుక? కలకత్తా క్లబ్బుకే చెందిన నితీశ్ లాహరీ 1962-63లో మొత్తం ప్రపంచ రోటరీకి అధ్యక్షుడయ్యారు. ఆసియా ఖండం నుంచి ఆయనే మొదటివాడు. ఆ ఏడాది మన జవాన్లకి ఎలాంటి ఏడాదో నేఫా, లడాఖ్ పేర్లు చెబితే చాలు.

ఇక్కడ ఒక్కసారి బెల్జియం వెళ్ళాలి. ఎందుకంటే సైనికుల మధ్యనే, సైనికుల కోసమే పుట్టిన సేవాసంఘం ఒకటుంది. దాని పేరు మనలో చాలామంది వినలేదు.

మొదటి ప్రపంచయుద్ధంలో ఈప్ర్ ఊరి చుట్టూ నాలుగేళ్ళు పోరు జరిగింది. మన లాహోర్ డివిజను, మీరట్ డివిజను 1914లో ఫ్రాన్సులో దిగాయి. 1914 అక్టోబరు 31న హోలెబెక్ దగ్గర మెషిన్‌గన్ వదలకుండా నిలబడ్డ సిపాయి ఖుదాదాద్ ఖాన్‌కి విక్టోరియా క్రాస్ వచ్చింది. భారతీయ సైనికుల్లో మొదటిది అదే. 1915 ఏప్రిల్లో విషవాయువు వదిలిన ఈప్ర్ రంగంలోకి లాహోర్ డివిజన్ని దింపారు. ఆ ఏడాది చివరికి మన పదాతిదళాల్ని మెసపొటేమియాకి పంపించేశారు. సరిగ్గా ఆ డిసెంబరులోనే, 11వ తేదీన, ఈప్ర్‌కి వెనకాల పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న పోపరింగె ఊళ్ళో, ఒక వ్యాపారి వదిలివెళ్ళిన ఇంట్లో ఫిలిప్ క్లేటన్ అనే సైనిక పాద్రీ ఒక విశ్రాంతిగృహం తెరిచాడు. అంతకు నాలుగు నెలల ముందు హూజ్ దగ్గర చనిపోయిన గిల్బర్ట్ టాల్బట్ అనే కుర్ర లెఫ్టినెంటు పేరు మీద దాన్ని టాల్బట్ హౌస్ అన్నారు.

ఆ ఇంటికి ఒకటే కట్టుబాటు. గడప దాటితే ర్యాంకు లేదు. జనరల్ అయినా ప్రైవేటు సోల్జరైనా ఒకే కెటిల్లోంచి టీ తాగాలి. బ్రిటిష్ సైన్యంలో, 1915లో! గోడ మీద ఒక బోర్డుండేది, ఫలానా యూనిట్‌లో నా స్నేహితుడున్నాడు, ఈ ఊరొస్తే నన్ను కలవమనండి అని పేర్లు రాసుకునేవారు. పుస్తకాలూ ఇచ్చేవారు. డిపాజిట్టు ఏమిటో చూడండి, తలమీద టోపీ. టోపీ లేకుండా పెరేడ్‌కి వెళ్ళలేడు కదా, అందుకని పుస్తకం తిరిగొచ్చి తీరుతుంది. ఫౌజీని ఎరిగినవాడు పెట్టిన రూలు అది. ఇంట్లో పైకప్పు కింద ప్రార్థనగది. ఫ్రంటుకి వెళ్ళేముందు అక్కడ కూర్చుని కిందకి దిగిన కుర్రాళ్ళలో ఎంతోమంది మళ్ళీ ఆ మెట్లు ఎక్కలేదు.

యుద్ధం అయ్యాక బతికినవాళ్ళు ఆ ఇంటిని మరిచిపోలేక లండన్‌లో మళ్ళీ కలిశారు. సిగ్నల్స్ వాళ్ళ ఆనాటి అక్షరమాలలో టి అంటే టాక్. టాల్బట్ హౌస్ మొదటి అక్షరాలు టి, హెచ్. అలా టాక్ హెచ్ అనే సంస్థ పుట్టి, 1922లో రాజశాసనం కూడా పొందింది. ఆసుపత్రుల్లో రోగుల్ని చూడటం, అనాథ కుర్రాళ్ళకి క్యాంపులు నడపడం, ఒంటరి ముసలివాళ్ళ ఇళ్ళకి వెళ్ళడం వీళ్ళ పని. మన దేశంలోకీ వచ్చింది. కొచ్చిలో వైటిల దగ్గర టాక్ హెచ్ పేరుతో పెద్ద బడి ఉంది. దాని ముందునుంచి రోజూ వెళ్ళే మన నేవీవాళ్ళలో ఆ రెండక్షరాలకీ సిగ్నల్‌మెన్‌కీ ఉన్న చుట్టరికం ఎందరికి తెలుసో! పోపరింగెలో ఆ ఇల్లు ఇప్పటికీ తెరిచే ఉంది.

లయన్స్ కథ కూడా అదే యుద్ధకాలం నాటిది. 1917 జూన్ 7న చికాగోలో మెల్విన్ జోన్స్ అనే ఇన్సూరెన్సు వ్యాపారి కొన్ని క్లబ్బుల ప్రతినిధుల్ని పిలిచాడు. ఆ అక్టోబరులో డల్లాస్‌లో మొదటి మహాసభ జరిగింది. ఈ జోన్స్ పుట్టింది ఎక్కడనుకున్నారు? 1879లో అరిజోనాలో ఫోర్ట్ థామస్ అనే మిలిటరీ స్థావరంలో. వాళ్ళ నాన్న ఆర్మీ కెప్టెను. నాన్నకి బదిలీ అయితే సామాను కట్టుకుని కుటుంబం కదిలింది. కేంద్రీయ విద్యాలయంలో మూడు రాష్ట్రాలు మారిన మన పిల్లల బాపతే. 1925 జూన్ 30న ఒహాయో రాష్ట్రం సీడార్ పాయింట్‌లో జరిగిన సభలో హెలెన్ కెల్లర్ వచ్చి అంధుల పక్షాన నిలబడమని అడిగింది. అప్పట్నుంచి కంటి వైద్యం లయన్స్‌కి ప్రధాన కార్యక్రమం అయింది. మన దేశానికి 1956లో బొంబాయి ద్వారా వచ్చింది. జిల్లా కేంద్రాల్లో శుక్లాల ఆపరేషన్ క్యాంపుకి బ్యానరు ఎవరిదని చూస్తే లయన్స్‌దే అయి ఉండటం మనకి అలవాటైపోయింది.

మామూలుగా భోజనం చేసి కబుర్లు చెప్పుకునే ఈ క్లబ్బులంటే నియంతలకి ఎందుకు భయమో తెలియదు కానీ, భయపడ్డారు. జర్మనీలో నాజీల ఒత్తిడి మీద 1937లో రోటరీ క్లబ్బులు మూసేసుకోవాల్సొచ్చింది, జపాన్‌లో 1940లో అదే గతి.

ఇప్పుడు నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలోకీ పెద్దపని దగ్గరికి వస్తాను. పోలియో. 1979లో ఫిలిప్పీన్స్‌లో చుక్కలమందుతో మొదలుపెట్టిన రోటరీ, 1985లో పోలియో ప్లస్ అని ప్రపంచమంతటికీ పూనుకుంది. 12 కోట్ల డాలర్లు పోగుచెయ్యాలనుకున్నారు, 1988 నాటికి 24 కోట్ల 70 లక్షలకి హామీ వచ్చింది. ఆ ఏడాదే ప్రపంచ ఆరోగ్యసభ పోలియో నిర్మూలన తీర్మానం చేసింది. మన దేశంలో 1995లో పల్స్ పోలియో మొదలయింది. డబ్బు సంగతి అలా ఉంచండి, మొత్తమ్మీద రోటరీ ఇచ్చింది 200 కోట్ల డాలర్లు దాటింది. నేను చెప్పదలుచుకుంది డబ్బు కాదు, పని జరిగిన పద్ధతి.

ఆదివారం బూత్ పెడతారు. సోమవారం నుంచి ఇంటింటికీ వెళ్ళి, బూత్‌కి రాని పిల్లల్ని పట్టుకుంటారు. చుక్కలు వేసిన పిల్లాడి ఎడమచేతి చిటికెనవేలు గోటికి మార్కరు గీత. ఇంటి గోడమీద సుద్దతో గుర్తు, ఈ ఇంట్లో అందరికీ అయింది, ఈ ఇంట్లో ఒకరు మిగిలారు అని. మిగిలిన ఇంటికి మళ్ళీ వెళతారు. రైల్వేస్టేషన్లో, బస్టాండులో, ఇటుకబట్టీల దగ్గర వేరే టీములు. ఇది చదువుతుంటే మీకేమనిపిస్తోంది? సెర్చ్ ఆపరేషన్ డ్రిల్లు కాదూ! సెక్టారు పంచుకోవడం, వెతికిన ఇంటికి గుర్తు పెట్టడం, వదిలిన ఇంటికి తిరిగి వెళ్ళడం. మనకి వచ్చిన విద్యే, కాకపోతే చేతిలో రైఫిల్ బదులు ఐస్‌బాక్సు.

అడ్డంకులు తక్కువేం కాదు. ఉత్తరప్రదేశ్‌లో ఈ చుక్కలు వేస్తే మగపిల్లలకి పిల్లలు పుట్టరని పుకారు లేచింది. ఆరోగ్యశాఖ పెద్దలు చెప్పినా వినలేదు. రోటరీవాళ్ళు ముస్లిం మతపెద్దల్ని కలుపుకుని కమిటీ వేశారు. ఆ పెద్దలే తమవాళ్ళకి చెప్పారు, తలుపులు తెరుచుకున్నాయి. బీహారులో కోసీ నది లంకల్లో నడిచీ పడవల్లోనూ వెళ్ళి వేశారు. 2009లో మన దేశంలో 741 పోలియో కేసులు. ప్రపంచం మొత్తమ్మీద నమోదైనవాటిలో దాదాపు సగం మనవే. 2010లో అవి 42కి దిగాయి. 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్ హౌరా జిల్లాలో ఒక చిన్నపిల్లకి వచ్చిందే ఆఖరి కేసు. 2014 మార్చి 27న మన ప్రాంతానికి పోలియో లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్టిఫికెట్టు ఇచ్చింది. ఇందులో పెద్దభాగం ప్రభుత్వానిది, లక్షలాది ఆశా, అంగన్‌వాడీ అక్కచెల్లెళ్ళది. అది మరిచి క్లబ్బుల వాళ్ళు అంతా మాదే అంటే ఒప్పుకోను. కానీ ఎండలో గొడుగేసుకుని బూత్ దగ్గర కూర్చున్న పచ్చ చొక్కా షావుకారు లేకపోతే ఈ కథ ఇంత తొందరగా ముగిసేది కాదు.

శ్రీలంక సంగతి ఇంకా గొప్పది. ఐ.పి.కె.ఎఫ్.లో వెళ్ళొచ్చిన మనవాళ్ళకి ఆ నేల ఎలాంటిదో తెలుసు. మనం వచ్చేశాక కూడా అక్కడ అంతర్యుద్ధం సాగుతూనే ఉంది. ఆ మధ్యలో, పోలియో చుక్కల రోజుల్లో, రోటరీ, యూనిసెఫ్, ప్రభుత్వం కలిసి ఉత్తరాది మిలిటెంట్లతో మాట్లాడి ఆ రోజులకి కాల్పులు ఆపించారు. ఆ పనికి ముందు నిలిచిన కె.ఆర్. రవీంద్రన్ 2015-16లో ప్రపంచ రోటరీ అధ్యక్షుడయ్యారు. రెండువైపులా తుపాకులు ఒక్కరోజు దించితే ఎంత పని జరుగుతుందో యూనిఫారం వేసినవాడికంటే ఎవరికి బాగా తెలుసు! పాకిస్తాన్, అఫ్ఘానిస్తాన్‌లలో మాత్రం పోలియో ఇంకా వదల్లేదు. పాకిస్తాన్‌లో చుక్కలు వేసేవాళ్ళమీద, వాళ్ళకి కాపలా వెళ్ళిన పోలీసులమీద కాల్పులు జరిగి ఎంతోమంది చనిపోయారు.

ఆడవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. ఎనభై ఏళ్ళపాటు రోటరీ మగవాళ్ళదే. కాలిఫోర్నియాలో డ్వార్టే అనే చిన్న ఊరి క్లబ్బు ముగ్గురు స్త్రీలని చేర్చుకుందని 1978లో ఆ క్లబ్బునే వెలివేశారు. కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1987 మే 4న స్త్రీల పక్షాన తీర్పొచ్చింది. 1989లో ప్రపంచమంతా తలుపు తీశారు. మనవాళ్ళ శ్రీమతులకి ఇదేం కొత్త విద్య కాదు. 1966 నుంచి ఆర్మీ వైవ్స్ వెల్ఫేర్ అసోసియేషన్ నడుస్తోంది. యూనిట్ ఫ్యామిలీ వెల్ఫేర్ మీటింగుల్లో కుట్టుమిషన్ల లెక్క దగ్గర్నుంచి వితంతువుల పెన్షన్ కాగితాల దాకా చూసిన ఆడవాళ్ళు మన ఇళ్ళల్లో ఉన్నారు. చాలా ఊళ్ళలో భర్తకంటే భార్యే క్లబ్బుకి ఎక్కువ పనికొస్తుందని నా గట్టి నమ్మకం.

ఇంత చెప్పాక రెండోవైపు కూడా చెప్పకపోతే అన్యాయం. అన్ని క్లబ్బులూ పోలియో క్లబ్బులు కావు. ఆసుపత్రిలో ఒక అరటిపండు, ఒక రొట్టెముక్క పంచి, దానికి పదకొండుమంది చెయ్యి వేసి ఫోటో దిగే క్లబ్బులూ ఉన్నాయి. ప్రమాణస్వీకారాల ఖర్చు ఏడాది సేవాఖర్చుని మించిపోయే క్లబ్బులూ ఉన్నాయి. నేను చేరిన ఒక క్లబ్బులో నాకు మొదటి ఏడాదంతా ఇచ్చిన పని ఏమిటంటే, ఫంక్షన్ల దగ్గర కార్ల పార్కింగు చూడటం. "మిలిటరీ సార్ కదా, డిసిప్లిన్ ఉంటుంది" అన్నారు. లెడ్జరు రాయడం, స్టోర్సు లెక్క చూడటం, ముప్పైమందిని వెంటేసుకుని ఒక పని పూర్తిచేసి రావడం కూడా మిలిటరీవాడికి వచ్చని వాళ్ళకి తోచలేదు. రెండో ఏడాది రక్తదాన శిబిరం జాబితా నా చేతికొచ్చాక గానీ ఆ సంగతి బయటపడలేదు. ఇలాంటి అనుభవం మీలో ఇంకొందరికీ ఉండే ఉంటుంది.

క్లబ్బే అక్కర్లేనివాళ్ళూ ఉన్నారు. 1965లో ఖేమ్‌కరణ్ దగ్గర తన తోటివాళ్ళు పోయి తాను మిగిలిన ఆర్మీ డ్రైవరు అన్నా హజారే, 1975లో ఊరికొచ్చి గుడి బాగుచెయ్యడంతో మొదలుపెట్టి, రాలేగావ్ సిద్ధిలో వాననీటిని నిలబెట్టాడు. బ్రిటిష్ వాయుసేనలో గ్రూప్ కెప్టెన్ లియొనార్డ్ చెషైర్ విక్టోరియా క్రాస్ వీరుడు, నాగసాకి మీద బాంబు పడటం ఆకాశంలోంచి కళ్ళారా చూసినవాడు. 1948లో దిక్కులేని ఒక రోగిని తన ఇంట్లో పెట్టుకుని చూడటంతో ఆయన పని మొదలై, చెషైర్ హోములుగా దేశదేశాలకి పాకింది. డెహ్రాడూన్‌లో రఫేల్ అనే ఆశ్రయం 1959 నుంచి నడుస్తోంది. ఐ.ఎం.ఏ.లో ట్రెయినింగ్ అయినవాళ్ళకి ఆ పేరు తెలిసే ఉంటుంది. ఇలాంటివాళ్ళు ఒంటిచేత్తో మొదలుపెట్టగలరు. మనలాంటి మామూలువాళ్ళకి మాత్రం పక్కన మరో పదిమంది ఉంటేనే చెయ్యి ఆడుతుంది. క్లబ్బు అందుకే.

సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకి ఒక మాట. సంఘాలు పెట్టుకునే హక్కు రాజ్యాంగం 19వ అధికరణం అందరికీ ఇచ్చినా, 33వ అధికరణం ప్రకారం సాయుధ దళాల విషయంలో పార్లమెంటు దాన్ని తగ్గించవచ్చు. 1950 ఆర్మీ చట్టం 21వ సెక్షను, 1954 ఆర్మీ రూల్సులో 19వ రూలు ఆ సంగతే చెబుతాయి. దళాల్లో భాగంగా గుర్తింపులేని ఏ సంస్థలోనైనా చురుగ్గా పాల్గొనాలంటే కేంద్ర ప్రభుత్వం అనుమతి కావాలి. వినోదానికో మతానికో సంబంధించినదైతే పై ఆఫీసరు దగ్గర ముందుగా రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. ఎయిర్‌ఫోర్సుకి, నేవీకి వాళ్ళ చట్టాల్లో ఇలాంటి కట్టడే ఉంది. కాబట్టి లీవులో ఇంటికొచ్చినప్పుడు ఎవరో మొహమాటపెట్టారని ఫారం మీద సంతకం చెయ్యకండి. రక్తదానం చెయ్యండి, మొక్కలు నాటండి, సభ్యత్వం మాత్రం అడిగి తీసుకోండి.

రిటైరైనవాళ్ళకి ఆ కట్టడి లేదు. 2022లో అగ్నిపథ్ వచ్చాక ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళకే నాలుగేళ్ళ సర్వీసు ముగించుకుని ఊరిబాట పట్టే కుర్రాళ్ళు కూడా మన లెక్కలోకి వస్తారు. పెన్షను లేని ఆ పిల్లలకి ఊళ్ళో నలుగురు తెలిసి ఉండటం మనకంటే ఎక్కువ అవసరం. రోటరీలో వాళ్ళ వయసువాళ్ళకి 1968 నుంచి రోటరాక్ట్ అని వేరే విభాగం ఉంది.

చేరే పద్ధతి చిన్నదే. ఉన్న సభ్యుడొకరు మన పేరు ప్రతిపాదించాలి. ఫారం నింపేముందు రెండు మూడు మీటింగులకి అతిథిగా వెళ్ళి చూడండి. ప్రవేశరుసుము, ఏడాది చందా, భోజనం ఖర్చు విడివిడిగా ఎంతో అడగండి. అది అడగడానికి మొహమాటం అక్కర్లేదు, ఊరిని బట్టి, క్లబ్బుని బట్టి మారుతుంది. కిందటేడు ఏం పని చేశారో, ఎంత ఖర్చయిందో పుస్తకం చూపించమనండి. చూపించడానికి ఇష్టపడని క్లబ్బైతే పక్క క్లబ్బుని అడగండి. రోటరీకీ లయన్స్‌కీ కూడా ఏడాది జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. కొత్త కార్యవర్గం పనులు పంచుకునేది ఆ ముందు వారాల్లోనే కాబట్టి, పార్కింగు కాకుండా వేరే పని కావాలనుకునేవాళ్ళు మే నెలలోనే వెళ్ళి కనబడటం మంచిది.